పొగ ఆగిన బాయి

మా తమ్ముడు సంగయ్య పొద్దుగాల లేస్తే ముందుగాల మొఖం కడగడు, ప్రార్థన చెయ్యడు. మంచం దిగి నేల మీద అరచెయ్యి ఆనిస్తడు. జరమొచ్చిన పిల్ల నొసలు సూసినట్టు సూస్తడు. సల్లగుంటే ఊపిరి ఇడిచి బీడీ ముట్టిస్తడు. ఎండకాలం నేల ఎట్లయినా కాలుతనే ఉంటది గదా, గా దినాలల్ల ఇంట్లకొచ్చి గడప కింది బండ మీద చెయ్యి పెడ్తడు. నారాయణఖేడ్‌ల మా వాడకట్టు మొత్తం ఆయన్ను సూసి నవ్వుతది. "సంగయ్య తాతా, నేలకు గోలి ఎయ్యాల్నా?" అని అడిగెటోళ్లు సుత ఉన్నరు.

నవ్వెటోళ్లకు దీవి సంగతి తెల్వదు. జగన్నాథ్ పటేల్ బాయి కాడ ఏమైందో సగమే తెలుసు. మిగిలిన సగానికి ఎవ్వలకు తోచిన తోక వాళ్లు పెట్టిండ్రు. నేను మిషన్ బడిల మూడో తరగతి దాక సదివిన. నా అక్షరాలు వంకరైతయి గాని మాట వంకర గాదు. కండ్లతోని సూసింది సూసినట్టు రాస్త. సూడంది సంగయ్య నోట ఇన్నట్టు రాస్త.

సంగయ్యది బాయిలు తవ్వే పని. మా నాయన గదే చేసిండు. మా దిక్కు పైన నల్లరేగడి, దాని కింద మొరం, దాని కింద నల్లరాయి. గా రాయి మీద సమ్మెట ఏస్తే చర్చి గంట లెక్క మోగుతది, పలగది. కంప్రెషర్ ట్రాక్టర్ వచ్చి బెజ్జాలు కొడ్తది. కాయిదమున్న మందు మనిషి వచ్చి మందు కూరి పేలుస్తడు. గప్పుడు మావోళ్లు దిగి, పలిగిన రాయిని తట్టలల్ల ఎత్తుతరు. పేలినంక బాయి నిండ పొగ లేస్తది. పొగ ఉన్నంతసేపు గట్టు మీద కూసోని బీడీలు తాగుతరు. పొగ ఆగినంక చేదతాడుకు కందిలి కట్టి అడుగు దాక ఇడుస్తరు. కందిలి ఆరితే లోపలి గాలి మంచిది కాదని అర్థం. ఎలుగుతుంటే మంచిదని అర్థం. పొగ ఆగింది, కందిలి ఎలిగింది, ఇగ దిగుడే. మా నాయన గట్లనే దిగిండు, మా తాత గట్లనే దిగిండు. వాళ్లు ఇద్దరూ మంచంలనే సచ్చిండ్రు గాబట్టి గదే సరైన పద్ధతని అందరం అనుకున్నం.

బాయి పనోళ్లకు ఇంకొక కట్టు ఉంటది. మనుషులను దించే లావు తాడును మోకు అంటరు. మోకు ఎవ్వలింట్ల ఉంటే ఆయనే ఆ జట్టుకు పెద్ద. "దిగుండ్రి" అన్న మాట ఆయన నోట్లెకెళ్లే రావాలె. మోకును దాటరాదు. మోకు దగ్గరికి కత్తి తేరాదు. దిగేటప్పుడు కండ్లకు అద్దుకోవాలె. ఇంకొకనికి ఇచ్చినంక మళ్ల నాకియ్యి అని అడుగరాదు. మా నాయన తన మోకును సంగయ్యకు ఇచ్చిననాడు ఏడ్చిండు. సచ్చెటప్పుడు సుత గంత ఏడ్వలె.

బోర్లు వచ్చినంక బాయిలను అడిగెటోడు లేడు. బాయి పనోళ్లు సెంట్రింగు పనికి పోయిండ్రు, చెరుకు కొట్ట పోయిండ్రు. సంగయ్య పెండ్లాం ఎప్పుడో సచ్చిపోయింది. వాని బిడ్డ జీవితను నా ఒళ్లనే ఏసుకోని పెంచిన, థామస్‌కు ఇచ్చి పెండ్లి చేసినం. థామస్ కష్టపడె పోరడు. తాగడు. ఒక్కటే రోగం, ఎదుటోడు భయపడ్డడంటే నవ్వుతడు. సంగయ్య కంగ్టి దిక్కు మేస్త్రీ ఎంబడి అండమాన్‌కు పనికి పోయేనాడు మోకును అల్లుని చేతుల పెట్టిండు.

"మామా, వచ్చినంక నీకే ఇస్త తియ్యి," అన్నడు థామస్.

"ఇయ్యవద్దు," అన్నడు సంగయ్య. "మోకు ఎనుకకు నడువది."

గా మాట ఆయన్ను ఎంత గోస పెడ్తదో గానాడు నాకు తెల్వదు.

పోర్ట్‌బ్లెయిర్‌ల సముద్రం ఒడ్డుకు రాతిగోడ కట్టుడు పని. సంగయ్య పుట్టి సముద్రం సూడలె. ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ నీళ్లకు గట్టే లేదు," అన్నడు. "గట్టు లేని నీళ్లల్ల దిగకు, నీకు ఈత రాదు," అన్న నేను. పొద్దంత వాగెటోడు. గసొంటోడు తిరిగొచ్చిననాడు బస్టాండు కాడ దిగి, సంచి భుజానేసుకోని, ఎవ్వలతోని మాట్లాడకుంట ఇంటికొచ్చిండు. సిన్నగైండు. కండ్లు మాత్రం పెద్దగైనయి.

నేను అరుగు మీద కూసోని కందులు ఇసురుతున్న. వచ్చి ఇసుర్రాయి మీద చెయ్యి పెట్టిండు.

"ఏందిరా, ఏళ్లు నలుగుతయి, తియ్యి."

"అక్కా, గిది ఏందో ఎరుకేనా?"

"మనమ్మ ఇసుర్రాయి. ఉప్పునీళ్లకు నీ కండ్లు సుత కరిగినయా?"

"గిది నిప్పు," అన్నడు. "పారి, సల్లారి, రాయయ్యింది. నువ్వు గిర్రగిర్ర తిప్పుతున్నది నిప్పును."

ఎండకు పిచ్చి లేసిందనుకోని నీళ్లిచ్చిన. తాగి, కందిపప్పు మీద ఏలు పెట్టి గీతలు గీస్కుంట చెప్పుడు షురూ చేసిండు.

పోర్ట్‌బ్లెయిర్ కెళ్లి ఒక రాత్రి పడవ మీద పోతే సముద్రం నడుమ ఒక దీవి ఉందట. బారెన్ దీవి. మనుషులు ఉండరు. ఉండనియ్యరు. మన దేశంల బతికున్న అగ్గికొండ గదొక్కటేనట. సదువుకున్నోళ్లు అగ్నిపర్వతం అంటరు. పేరు పెద్దగ పెట్టినంత మాత్రాన అది మాట ఇంటదా? రాళ్లను సదివే సార్లు కొందరు సర్కారు ఇజాజత్ తీసుకోని గక్కడికి పోతుండిరి. బరువు మోసుకుంట రాళ్ల మీద ఎక్కెటోళ్లు వాళ్లకు కావాలె. ఎక్కుడు దిగుడు సంగయ్యకు పుట్టుకతోని వచ్చె. పోయిండు.

"సముద్రం అడుగుకెళ్లి లేచిందక్కా. మనకు కనవడేది దాని టోపీనే. చుట్టు ఎత్తుగ గోడ. గోడ నడుమ నల్లటి కుప్ప. కుప్ప కొసకు పొగ."

"మనూరి ఇటుక బట్టీ లెక్క."

"ఇటుక బట్టీకి మనిషి నిప్పు పెడ్తడు. దానికి ఎవ్వలు పెట్టిండ్రు?"

ఇసుర్రాయి నోట్లె ఇంకొక గుప్పెడు కందులు పోసిన.

ఆ సార్లల్ల ఒకాయన కోస్తా దిక్కాయన. మన మాటనే గాని ప్రతిదానికీ "అండి" తగిలిస్తడట. సంగయ్యను సుత "సంగయ్యగారండి" అన్నడట. జన్మల ఎవ్వడూ గట్ల పిలువలేదు గదా, పిలిచిన పాపానికి ఆయన చెప్పిందంత సంగయ్య నెత్తిల ఎక్కించుకున్నడు. అగ్గికొండలన్నీ ఒక్క తీరు ఉండయట. ఇసుర్రాయి చుట్టు పడ్డ పప్పును సూపెట్టిండు.

"గిట్ల నోట్లెకెళ్లి పలుకులు ఎగిరి, చుట్టు పడి, కుప్ప అయితది. దీవి నడుమ లేచిన నల్ల కుప్ప గదే. ఇంకొక తీరు ఉంటది. లోపలి రసం అంబలి లెక్క పల్చగ ఉంటే మీదికి ఎగరది, అన్ని దిక్కుల పారుతది. ఎన్నిమాట్ల పారినా బోర్లిచ్చిన పెనం లెక్క ఎడల్పు అయితది గాని నిలువు లేవది. దాన్ని డాలు కొండ అంటరు."

"మరి సంకటి లెక్క గట్టిగుంటే?" నేనే అడిగిన. వంట సంగతి వచ్చినంక ఊకుండబుద్ధి గాదు.

"గదే భయం. గట్టిగుంటే నోరు పూడుకపోతది. లోపల గాలి తన్నుకుంట ఉంటది. ఒకనాడు పగుల్తది. బూడిద పడ్తది, దాని మీద రసం పారుతది, మళ్ల బూడిద. రొట్టె మీద రొట్టె పేర్చినట్టు పొరలు పొరలుగ నిలువుకు లేస్తది. దీవిది అసలు గసొంటి కొండనే. శానా ఏండ్ల కింద లోపలున్నదంత కక్కి కక్కి బోలైంది. ఖాళీ వడ్ల గుమ్మి మీద కప్పు కూలినట్టు కొండ తల లోపలికి కూలింది. చుట్టు గోడ మిగిలింది. గోడకు పడమట దిక్కు సందు వడ్డది. గా సందుల్నే నిప్పు సముద్రంలకు పారుతది. మేం గా సందుల్నే ఎక్కినం."

"ఎక్కెటందుకు వేరే తొవ్వ లేకుండెనా?"

"లేదు."

ఇసుర్రాయి మీదికెళ్లి చెయ్యి తియ్యలేదు. నేను అడిగిన, మన దిక్కు కొండ ఏదిరా, కొండనే లేకుంటే గీ ఇసుర్రాయి ఎట్ల వచ్చె అని.

"మనకు కొండ లేదక్కా. నేల పర్రెలు వాసింది. ఎండకాలం మన రేగడి వాస్తది సూడు, కాలు ఇరుకుతది, గట్ల. గా పర్రెలల్లకెళ్లి నిప్పు ఊరి, ఊరి, తాలూకలకు తాలూకలే మునిగినయి. మహారాష్ట్ర అంత గదే, నాగల్‌గిద్ద గదే, మనది గదే. మనిషి పుట్టకముందు సంగతి. నల్లరాయి గా నిప్పే. నల్లరేగడి గా రాయి నలిగిందే. మన బాయిలన్నీ గా నిప్పుల కొట్టినయే."

"ఇప్పుడు సచ్చింది గదా?"

"సచ్చింది, భయం లేదండి అన్నడు సారు."

"మరి నీకెందుకు భయం?"

సంగయ్య నా మొఖం దిక్కు సూసిండు. "దీవిని సుత సచ్చిందనే అన్నరక్కా. అంగ్రేజోళ్ల కాలంల మండింది. గటెనుక నూటయాభై ఏండ్ల మీద సప్పుడు లేదు. మేకలు ఇడిస్తే మేకలు పెరిగినయి. మన జీవిత పుట్టకముందు ఒకనాడు మళ్ల లేచింది."

గానాడు పప్పు ఇసురుడు ఆపి లోపలికి పోయిన. రాయి ఉడుకుగ ఉన్నది. ఇసురుతుంటే రాయి ఉడుకైతది, నాకు ఎరుకే. అయినా ఒకపారి ఎనుకకు తిరిగి సూసిన.

అసలు సంగతి ఆయన శానా దినాలకు చెప్పిండు. ఎండల మంచం అల్లుకుంట, తల ఎత్తకుంట చెప్పిండు. దీవి మీద సార్లు ఏదో మిషన్ పెట్టాలెనని కుప్ప దిక్కు నడుస్తుండిరి. పొద్దుగాల కెళ్లి కొసకు పొగ వస్తనే ఉండె. ఉన్నట్టుండి ఆగింది. ఆకాశం కడిగిన గిన్నె లెక్క అయింది. పొగ ఆగంగనే సంగయ్య కాళ్లు వాటంతట అవే ముందటికి నడిచినయి. పుట్టినకాంచి నేర్చుకున్నది గదే గదా, పొగ ఆగితే దిగాలె. సారు ఎనుకకెళ్లి వచ్చి గల్ల పట్టి గుంజిండు. గప్పుడు "అండి" లేదు.

"ఎక్కడికిరా?"

"పొగ ఆగింది గదా సార్."

"పొగ వస్తున్నంతసేపు కొండ ఊపిరి తీస్తుందని అర్థం. ఆగిందంటే గొంతుల ఏదో అడ్డం పడ్డది. ఎనుకకు రా, రా!"

ఎనుకకు ఉరికిండ్రు. ఒడ్డుకు వచ్చిండ్రో లేదో కొండ కక్కింది. సప్పుడు కంటె ముందు కాళ్ల కింద నేల కదిలిందట. సంగయ్య నిలబడ్డ జాగల పొయ్యంత పొయ్యంత రాళ్లు పడి, ఎర్రగ ఉండి, పలిగి, నల్లగైనయట.

పడవ ఎక్కేటప్పుడు ఇంకొకటి సూసిండు. ఒక పల్లపు జాగల మేక పండుకోని ఉండె. రాయి తాకలె, నెత్తురు లేదు, కండ్లు తెరిసే ఉన్నయి. దాన్ని ఎత్తుకొద్దామని వంగబోతే సారు వద్దన్నడు. కొన్ని గాలులకు పొగ ఉండదు, రంగు ఉండదు, వాసన సుత ఉండదు, పల్లంల నీళ్లు నిలిచినట్టు నిలుస్తయి, వంగినోడు లేవడు అన్నడు.

"గా పల్లం మన బాయి లెక్కనే ఉండె అక్కా," అన్నడు సంగయ్య. అంతే. మళ్ల మంచం అల్లుడుల పడ్డడు.

గానాటికెళ్లి ఆయన బాయి దిగలె. ఊళ్ల బాయి పని తక్కువ గాబట్టి ఎవ్వలూ అడుగలె. మొన్నటి ఎండకాలం జగన్నాథ్ పటేల్ అడిగిండు. పటేల్ చేను బోరంచ తొవ్వల ఉంటది. బోర్లన్నీ దుమ్ము పోసినయి. చెరుకు ఎండుతుంది. వాళ్ల తాతల నాటి రాతిబాయి ఒకటి ఉండె, దాన్నే ఇంకింత లోతు చేస్తే ఊట తగుల్తదని ఆశ. క్రేన్ పోయే తొవ్వ లేదు, మోకు జట్టే కావాలె. థామస్ సై అన్నడు.

సంగయ్య అల్లుని ఇంటికి పోయిండు. నేను ఎంబడి ఉన్న.

"అల్లుడా, గా బాయి ఒప్పుకోకు. శానా లోతు. గాలి ఆడది."

"లోతు ఉంటేనే గద మామా బాయి అంటరు."

"పొగ ఆగినా దిగవద్దు. ఒక దినం ఇడువాలె."

థామస్ పక్కపక్క నవ్విండు. "మామా, దీవి మీద కొండను సూసినవు సరే. పటేల్ బాయిల కొండ లేదు, కప్పలున్నయి."

జీవిత గుమ్మంల నిలబడి అయ్య దిక్కు ఒకపారి, మొగని దిక్కు ఒకపారి సూసింది. మోకు దూలానికి చుట్టి ఉన్నది. సంగయ్య దాని దిక్కు సూసిండు గాని నోరు తెరువలె. అడుగరాదు గదా. బయటికొచ్చినంక నాతోని అన్నడు, "అక్కా, వాడు దిగుతడు. వాడు దిగి రాకుంటే జీవితకు నేనేం చెప్పాలె?"

పేల్చిననాడు జీవితకు జరం. అల్లుని సద్ది నేనే కట్టుకోని పోయిన. సంగయ్య పిలువకుంటనే ఎంబడి వచ్చిండు. నడుముకు కొడవలి చెక్కుకున్నడు. చేనుకు పోయేటోళ్లకు కొడవలి ఉంటది, నేను పట్టించుకోలె.

తొవ్వ పొడుగుత రేగడి పర్రెలు వాసి ఉన్నది. ఒక్కొక్క పర్రెల చెయ్యి పడ్తది. సంగయ్య నడుమ నడుమ ఆగి, వంగి, పర్రె మీద అరచెయ్యి పెట్టి సూసుకుంట వస్తుండు. "ఎండరా, ఎండ," అన్న నేను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలె. గాలి కొంచెం సుత లేదు. ఆకు కదలదు. చెరుకు ఆకులు సుట్టలు సుట్టుకున్నయి.

మేం పోయేటప్పటికే పేల్చిండ్రు. బాయిలకెళ్లి పొగ పోతుంది. గాలి లేదు గాబట్టి నిలువుకు, తాడు కట్టి గుంజినట్టు పోతుంది. సంగయ్య దాన్ని సూసి ఆగిండు. దీవిని సూస్తుండని నాకు తెలిసింది.

గట్టు మీద థామస్, ఆయన జట్టుల పనిచేసే నాగల్‌గిద్ద వీరప్ప, ఇంకిద్దరు కూసోని ఉన్నరు. జగన్నాథ్ పటేల్ గొడుగు పట్టుకోని తిరుగుతుండు. పటేల్ పెండ్లాం స్వరూపరాణి ఒక కోడిని కాళ్లు కట్టి గంపల పెట్టుకోని యాపచెట్టు కింద కూసున్నది. ఊట తగిలితే నల్లపోచమ్మకు కోడి ఇస్తనని మొక్కుకున్నదట.

నేను బాయిలకు తొంగిసూసిన. పొగ సందులకెళ్లి సూస్తే, అడుగున మిగిలిన కాసిని నీళ్ల మీద కప్పలు ఎల్లెలుకల తేలినయి. మందుకు సచ్చినయి అన్నడు వీరప్ప. గోడ రాళ్ల సందుల ఉండే పావురాలు ఎగిరిపోయి మళ్ల రాలె. పటేల్ కుక్క గట్టు దాక వచ్చి, ముక్కు ఎత్తి, ఎనుకకు మళ్లింది. కుక్క సంగతి నేను సూసిన. వేరే ఎవ్వలూ సూడలె.

పొగ సన్నబడ్డది. ఇంకింత సన్నబడ్డది. ఆగింది.

బాయి అడుగు సక్కగ కనవడుతుంది. కొత్తగ పలిగిన నల్లరాయి మెరుస్తుంది. థామస్ లేచి చేదతాడుకు కందిలి కట్టి ఇడిసిండు. అందరం వంగి సూసినం. కందిలి అడుగు దాక పోయింది, రాయి మీద కూసున్నది, ఎలుగుతనే ఉన్నది. సిన్నగ సుత కాలె.

"సూసినవా మామా?" అన్నడు థామస్. మోకు నడుముకు కట్టుకోబోయిండు.

"అల్లుడా, దిగకు."

"కందిలి ఎలుగుతుంది గదా."

"దీవి మీద మేక కండ్లు సుత తెరిసే ఉండె."

"మేక ఏంది, దీవి ఏంది?" అన్నడు పటేల్. "సంగయ్యా, నువ్వు పని చెయ్యకుంటే పాయె, చేసెటోని కాళ్లకు అడ్డం పడకు. నా చెరుకు పోతుంది."

"మామకు నేల కింద పొయ్యి మండుతుంది పటేలా," అన్నడు థామస్. "దాని మీద మనం కూసున్నం. జల్దీ దిగి వస్త, పొయ్యి మీద చాయ్ పెట్టి తెస్త."

అందరూ నవ్విండ్రు. వీరప్ప నవ్వలె. "బ్యాడ థామసా, ఇవత్తు బ్యాడ," అన్నడు తన కన్నడంల, ఇయ్యాల వద్దని. థామస్ మోకును కండ్లకు అద్దుకున్నడు.

గప్పుడు సంగయ్య కొడవలి తీసిండు. మోకును గట్టు మీద రాయికి ఆనిచ్చి కోసిండు. ఒక్క ఏటుకు తెగలె. పండ్లు కరిచి, కోసుకుంట కోసుకుంట, తెగినదాక కోసిండు. మా నాయన చేతులు తాకి తాకి నున్నగైన మోకు అది. తెగిన ముక్క గట్టు మీద పడ్డది. ఆయన దాన్ని దాటి నిలబడ్డడు.

మోకుకు కత్తి పెట్టినోన్ని నేను పుట్టి సూడలె. నా తమ్ముడే పెడ్తడనుకోలె.

థామస్ మామ గల్ల పట్టిండు. నవ్వు లేదు. "అన్నం పెట్టే తాడు కోస్తవా? నీ భయానికి నా నోటికాడి బుక్క కావాల్నా? ముసలోనివి అయినవు, ఇంట్ల కూసో! పటేలా, మీ ఇంట్ల తాడు ఉన్నదా? ఎసొంటిదైన సరే."

"ట్రాక్టర్ తాడు ఉన్నది," అన్నడు పటేల్.

"తెప్పియ్యి."

సంగయ్య పోయి బాయి నోటికి అడ్డం కూసున్నడు. గా ట్రాక్టర్ తాడు వస్తే ఆయన్ను లేపి పక్కకు పెట్టుడు ఎంతసేపు? నలుగురు మగోళ్లు. నా కండ్లల్ల జీవిత మెదిలింది, జరంల పండుకోని ఉన్న పిల్ల. నాకు దీవి తెల్వదు, గాలి తెల్వదు. మా తమ్ముడు మోకు కోసిండు. గదొక్కటి తెలుసు. ఊకె కొయ్యడు.

యాపచెట్టు కిందికి పోయి గంప ఎత్తిన.

"హన్నవ్వా, ఏం జేస్తున్నవ్? అది పోచమ్మ కోడి!" అని స్వరూపరాణి లేచింది.

"ఊట తగిలినంక ఇస్తనన్నవు గదా. నేను ముందుగాల పంపిస్తున్న. ఆమె తల్లేనాయె, వద్దంటే వాపస్ పంపుతది."

"నువ్వు చర్చికి పోయెటిదానివి, నీకేం తెలుసు మొక్కు సంగతి?"

"నాకు పిల్లలను పెంచుడు తెలుసు. జరుగు."

చేదతాడు గుంజి, కందిలి పక్కనే గంప కట్టిన. ఆ ఇద్దరిట్ల ఒకడు గుంజుకోబోతే, "చెయ్యి తగిలిందంటే గట్టు మీదికెళ్లి నూకుత," అన్న. నూకెటిదాన్నే. కందిలి, కోడి రెండూ జోడీగ దిగినయి. కోడి కొక్కొక్క అనుకుంట పోయింది. అడుగుకు చేరినంక సుత అరుస్తనే ఉన్నది.

"అరుస్తుంది, ఇన్నవా పెద్దమ్మా?" అన్నడు థామస్. "మామ లెక్కనే అరుస్తుంది."

"అరవనీ. తాడు వచ్చిందాక ఆగు."

పటేల్ మనిషి తాడు తెచ్చెటందుకు ఊళ్లెకు పోయిండు. ఎండల నిలబడ్డం. కోడి అరుపు బాయి గోడలకు తగిలి మీదికి వస్తుంది. కొంచెంసేపటికి అరుపు నడుమ నడుమ ఆగుతుంది. ఇంకా కొంచెంసేపటికి సప్పుడు లేదు. భయానికి ఊకున్నది అన్నరు. నిద్ర పోయింది అన్నరు. ట్రాక్టర్ తాడు వచ్చింది. థామస్ దాన్ని తీసుకోని నడుముకు ఒక సుట్టు తిప్పిండు.

"చేద ఎవ్వలు గుంజుతరు?" అన్న నేను.

వీరప్ప గుంజిండు. గిలక కిర్రుకిర్రుమన్నది. ముందుగాల కందిలి వచ్చింది. ఎలుగుతనే ఉన్నది. నిలువుకు, కదలకుంట, పసుప్పచ్చగ ఎలుగుతుంది. దాని పక్కన గంపల కోడి మెడ ఏలాడేసింది. ఈక సుత కాలలె. నెత్తురు సుక్క లేదు. కండ్లు తెరిసి ఉన్నయి. నెత్తి మీది జుట్టు మాత్రం ఎర్రగ, ఎప్పటికంటె ఎర్రగ ఉన్నది.

వీరప్ప కందిలి వత్తి తగ్గిచ్చి ఆర్పిండు. తాతల కాలంకెళ్లి మావోళ్లను దించిన దీపం అది.

స్వరూపరాణి నోట కొంగు కుక్కుకున్నది. పటేల్ గొడుగు ముడిసిండు, ఎందుకు ముడిసిండో ఆయనకే తెల్వదు. థామస్ నడుముకు సుట్టిన తాడు ఇప్పలె, కట్టలె. కోడి దిక్కు సూస్తుండు. మళ్ల బాయిల అడుగున తను నిలబడాలెననుకున్న జాగ దిక్కు సూసిండు. ఎండ పడి గా రాయి సక్కగ మెరుస్తుంది. ఎవ్వలన్న ఇప్పుడే కడిగి పెట్టినట్టు ఉన్నది.

థామస్ తాడు ఇప్పి, "మామా," అన్నడు. "ఎప్పుడు దిగాలె?"

సంగయ్య బాయి నోటికాడ కూసునే ఉన్నడు. ఒక అరచెయ్యి గట్టు రాయి మీద ఉన్నది. "నాకు తెల్వదు," అన్నడు.

ఎవ్వలన్న ఆయన్ను మహా తెలివిగల్లోడు అంటే నేను ఒప్పుకోను. గా గాలి మందు పొగల పుట్టిందని, పొగ పోయినా పల్లంల మిగుల్తదని, దానికి మనిషి సస్తడు గాని దీపం ఆరదని ఎనుక దవాఖానల డాక్టరమ్మ నాకు చెప్పింది. దానికి దీవికి సంబంధం లేదన్నది. సంగయ్యకు చెప్పిన. ఇన్నడు. తల ఊపిండు. పొద్దుగాల లేచి మళ్ల నేల మీద చెయ్యి పెట్టిండు.

పటేల్ బాయి గట్లనే ఉన్నది. కొన్నాళ్లకు గాలి కొట్టే మిషన్ తెచ్చి, లోపలి గాలి బయటికి తోలి, బతికున్న కోడిని దించి, అది మళ్ల అరుసుకుంట వచ్చినంకనే దిగిండ్రు. ఊట తగిలింది. బాయి కాడికి పోతే మాత్రం ఇప్పుడు ఎవ్వలూ పెద్దగ మాట్లాడరు. నోట్లె మాట కిందికి పడిపోతదేమో అన్నట్టు మెల్లగ మాట్లాడుతరు. ఇంకొక కోడిని పోచమ్మకు నేనే కొనిచ్చిన. అది నాకూ ఆమెకూ నడుమ సంగతి.

మోకు ముక్కలు రెండూ థామస్ ఇంటికి పోలె. మా దూలానికే ఏలాడుతున్నయి. ముడి ఏసిన మోకు మీద ఎవ్వలూ దిగరు. థామస్ కొత్తది కొన్నడు, తెచ్చి ముందుగాల మామ కాళ్ల కాడ పెట్టిండు. సంగయ్య ముట్టుకోలె, కాదనలె.

వానలు తగ్గినంక, బతుకమ్మకు ముందు, థామస్ ఫోన్ పట్టుకోని వచ్చిండు. సంగయ్య గడప కాడ చెయ్యి ఆనిచ్చి కూసున్నడు.

"మామా, నీ దీవి మళ్ల లేచింది. వీడియోల వస్తుంది సూడు."

సంగయ్య ఫోన్ దిక్కు సూడలె.

"పొగ వస్తుందా?"

"వస్తుంది మామా. మస్తు వస్తుంది."

"అయితే ఏం కాదు," అన్నడు సంగయ్య. "ఆగినప్పుడు చెప్పు."